కుడుముల గిన్నెలో చప్పుడు

మా ఊళ్ళో ఇప్పుడు నన్ను ఎవరూ ఊరికే "మాస్టారూ" అని పిలవడం లేదండీ. "మాస్టారూ, పీత ఉడికిందా?" అని పిలుస్తున్నారు. మొన్న కాలవ గట్టు మీద వస్తుంటే, పడవలో పోతున్న మనిషి, ఏ ఊరివాడో కూడా నాకు తెలీదు, గడ ఆపి మరీ అడిగాడు. బడికి వెళ్తే నల్లబల్ల మీద పది కాళ్ళ బొమ్మ! ఎవరు వేశారంటే అందరూ బుద్ధిమంతులే. బొమ్మ మాత్రం చక్కగా కుదిరింది, నాకే చెరపబుద్ధి కాలేదు.

ఇంతా చేసి ఇదంతా దేని గురించి? కుడుముల గురించి. ఉత్త బియ్యపురవ్వ కుడుములు. ఆవిరి మీద చిటికెలో అయిపోతాయని నాకు చెప్పారు. సరే, టీ చల్లారేలోగా చెప్పేస్తాను. పూర్తిగా విన్నాక ఎంతైనా నవ్వుకోండి. సగం విని నవ్వేవాళ్ళతోనే నా బాధంతా.

మాది నాగాయలంక దాటాక సముద్రపు గాలి తగిలే ఊరు. ఒకటే బడి, ఒకటే గది, అన్ని తరగతులకీ నేనొక్కణ్ణే మాస్టర్ని. నాకు రెండు విషయాల్లో కాస్త గర్వం ఉంది. ఒకటి నా ఓపిక. పిల్లవాడు ఎక్కాన్ని తలకిందులుగా చెప్పినా కొట్టను, పక్కన కూర్చోబెట్టుకుని ఒక కథ చెప్తాను. రెండోది నా క్లాసు నిశ్శబ్దం. చీమ చిటుక్కుమంటే వినపడాలి. "చప్పుడు చేసే కుండలో సరుకు ఉండదురా" అని ఎన్నిసార్లు చెప్పానో! ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత నా నెత్తికే తగులుతుంది.

మా ఆవిడ కరుణ తొలికాన్పుకి గుడివాడ వెళ్ళింది. ఆడపిల్ల పుట్టింది. చూడ్డానికి వెళ్తే పిల్ల నిద్రపోతోంది. సాయంత్రం దాకా కూర్చున్నా కళ్ళు తెరవలేదు, నా బస్సు టైమైపోయింది. అంటే నా కూతురి కళ్ళు ఎలా ఉంటాయో నాకు తెలీదన్నమాట! అక్కణ్ణుంచి ఇవాళ పంపుతాం, రేపు పంపుతాం. మొదట చలి అన్నారు. తర్వాత పిల్లకి పడిశం అన్నారు. పడిశం తగ్గాక, "ఆ ఉప్పుగాలి ఊళ్ళో పసిపిల్ల ఎలా?" అన్నారు మా అత్తగారు. ఉప్పుగాలి ఎప్పటికి తగ్గాలండీ? సముద్రాన్ని ఎక్కడికి పంపించను?

ఇలా ఉండగా ఓ శుక్రవారం సాయంత్రం బస్సు కండక్టరు కేకేసి చెప్పాడు. "మాస్టారూ, గుడివాడ నుంచి మీ పెద్దమావగారు రేపు మధ్యాహ్నానికి వస్తున్నారట! మీరు ఎలా ఉంటున్నారో, ఏం తింటున్నారో చూసి వెళ్తారట!"

పెద్దమావగారంటే మా మావగారి అన్న. ఊరూరా తిరిగి చర్చిల్లో బైబిలు వాక్యం చెప్పి రిటైరైన మనిషి. ఆ ఇంట్లో ఆయన "సరే" అంటే సరే, "ఊహూఁ" అంటే ఊహూఁ. ఆయనకో అలవాటుంది. ఒక ప్రశ్న అడుగుతారు. జవాబొచ్చేదాకా మీ మొహంలోకే చూస్తూ కూర్చుంటారు. బడి ఇన్‌స్పెక్టర్లని ఎంతమందిని చూశాను, ఎవరికీ అలా భయపడలేదు.

నాకు అర్థమైంది ఇదీ: ఇంట్లో నేను శుభ్రంగా వండుకుని తింటున్నట్టు ఆయన కంటపడితే, "అల్లుడు ఇల్లు చక్కబెట్టుకోగలడు, పిల్లనీ తల్లినీ పంపండి" అంటారు. కనపడకపోతే నా కూతురి కళ్ళు నేను దాని పెళ్ళిలోనే చూడాలి.

కానీ ఏం పెట్టను? నాకొచ్చిన వంట అన్నం, పప్పుచారు. ఆయనకా పళ్ళు లేవు, నూనె పడదు. పైగా అవి లెంటు రోజులు. ఈస్టరు పండగ దాకా ప్రభువు శ్రమల్ని తలుచుకుంటూ చేపా మాంసం ముట్టం. నేనే ముట్టనంటే ఆయన సంగతి వేరే చెప్పాలా? లెంటులో ఆయన చేపల బజారు వీధిలోంచి కూడా నడవరు, చుట్టూ తిరిగి వెళ్తారు. మా ఊళ్ళోనేమో చేప లేకుండా ఏం తినాలని అడిగితే జనం నన్ను జాలిగా చూశారు.

ఆఖరికి పక్కింటి నాంచారమ్మ పిన్ని దారి చూపించింది. వాళ్ళాయన సముద్రం మీదకి వెళ్తాడు, ఆవిడ పీతలూ చేపలూ బండి మీద నాగాయలంక పంపుతుంది. గొంతు ఎంత పెద్దదంటే, ఆవిడ దొడ్లో కోడిని పిలిస్తే నా క్లాసులో పిల్లలు లేచి నిలబడతారు.

"కుడుములు పెట్టండి మాస్టారూ! ఆవిరి మీద ఉడికిందానికి పళ్ళతో పనేంటి, నూనెతో పనేంటి? చిటికెలో అయిపోతాయి!"

"నాకు రావు పిన్నీ."

"నేను లేనూ? రేపు పొద్దున బండికి పీతలు వేసుకునేముందు వచ్చి చూపిస్తాను."

అన్నట్టే శనివారం పొద్దెక్కాక పీతల బుట్ట చంకన పెట్టుకునే వచ్చింది. బుట్ట మీద తడిగోనె కప్పి ఉంది. ఎండ తగలకుండా దాన్ని తెచ్చి నా పొయ్యి పక్కనే నీడలో పెట్టింది. చూశారా, మొదటి తప్పు అక్కడే జరిగింది. కానీ అప్పుడు నాకేం తెలుసు?

నేను పలకా బలపం పట్టుకుని కూర్చున్నాను. ఏ పనైనా పద్ధతిగా నేర్చుకోవాలి కదండీ.

"నీళ్ళెన్ని పిన్నీ?"

"రవ్వకి తగినన్ని."

"రవ్వెంత?"

"మనుషులకి తగినంత."

"ఉప్పు?"

"చూసి వెయ్యండి."

"చూసి అంటే ఎలా? ఎంత చూడాలి?"

ఆవిడ గరిటె ఆపి నా వైపు తిరిగింది. "మీరు పిల్లలకి చదువెంత చెప్తారు మాస్టారూ? సోలెడా, తవ్వెడా?"

పలక పక్కన పెట్టేశాను.

ఎసరు మరిగాక జీలకర్రా, నానిన శనగపప్పూ వేసి, ఉప్పు నాకు వదిలేసి, రవ్వ పోయించింది. కలపడం నా పని. ఉండలు కట్టకుండా కలపమంది. నేను కలుపుతున్నకొద్దీ ఉండలు ఒకదాన్నొకటి పిలుచుకుంటున్నట్టు కట్టాయి. "పర్లేదులెండి, ఎలాగూ ఉండలేగా చెయ్యబోయేది," అంది. రవ్వ దగ్గరపడ్డాక దించి, చల్లారబెట్టి, చేత్తో గుండ్రంగా అద్దించింది. నావి కొన్ని గుండ్రంగా వచ్చాయి, కొన్ని మన జిల్లా మ్యాపులా వచ్చాయి.

"ఇప్పుడు వాసెన కట్టాలి. పల్చటి పాతగుడ్డ ఒకటి పట్టండి," అంది. వెడల్పాటి గిన్నెలో సగానికి నీళ్ళు పోసి, మూతికి గుడ్డ బిగించి కట్టి, గుడ్డ మీద కుడుములు పేర్చి, పైన మూత పెడితే, కింద నీళ్ళు మరిగి ఆవిరికి పైన ఉడుకుతాయి. అదీ వాసెన.

పాతగుడ్డ కోసం గదిలో పెట్టె తెరిచాను. ఏది పాతదో, ఏది కరుణ దాచుకున్నదో తెలీక పెట్టంతా కలియబెట్టాను. ఆఖరికి నా పాత పంచెలోంచి ఒక ముక్క చించి తెచ్చేసరికి పిన్ని గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి మీద సిద్ధంగా పెట్టింది. ఇద్దరం పట్టుకుని వాసెన కట్టాం, కుడుములు పేర్చాం, మూత పెట్టాం. ఇంతలో వీధిలో బండి మువ్వలు వినపడ్డాయి.

"అయ్యో, బండి!" అని బుట్ట ఎత్తుకుంది. గోనె పైకెత్తి లోపలికి చూసి, "ఒకటి తగ్గినట్టుందే..." అని గొణుక్కుంది. మళ్ళీ తనే, "సర్లే, అడుగున ఉండుంటుంది," అని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "మాస్టారూ, పీతల్ని బండెక్కించి వచ్చేస్తాను. నేనొచ్చేదాకా మూత తియ్యకండి! తీశారో, ఆవిరి పోయి కుడుములు రాళ్ళయిపోతాయి!"

ఆవిడ గుమ్మం దాటడం, పెద్దమావగారు గుమ్మంలో అడుగుపెట్టడం ఒకటే అయ్యాయి. ఆయన ఒక పక్కకి ఒదిగి దారిచ్చారు. చంకలో బుట్ట, గోనె సందులోంచి బయటికి చాచిన పెద్ద డెక్క ఒకటి, నా వంటింట్లోంచి వెళ్తున్న ఆ మనిషి, ఆవిడ వెనకాల చేతికి పిండంటుకున్న నేను. ఆయన అన్నీ చూశారు.

"దయచెయ్యండి మావయ్యగారూ!"

కాళ్ళు కడుక్కుని, గొడుగు గోడవారగా నేలమీద పెట్టి, పొయ్యి కనపడేలా పీట వేసుకుని కూర్చున్నారు. మాకు వంటిల్లూ వసారా ఒకటే.

"కరుణ ఎలా ఉందండీ? పిల్ల?"

"బావున్నారు," అన్నారు. "మీరెలా ఉన్నారు అల్లుడుగారూ?"

"దివ్యంగా ఉన్నానండీ. స్వయంగా వండుకుంటున్నాను. ఇవాళ తమ కోసం కుడుములు..."

అప్పుడు మొదలైందండీ. మొదట సన్నగా. టక్. కాసేపాగి, టక్ టక్. నేను పొయ్యిలో పుల్ల విరిగిందనుకున్నాను. నీళ్ళు మరిగినకొద్దీ, టకటక... టకటకటక... కర్ర్... టకటక! గిన్నెలోంచే! లోపల ఎవరో కాలు కాలి పరిగెత్తుతున్నట్టు!

ఆయన గిన్నె వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు.

"లోపల ఏవిటి?"

"కుడుములండీ."

ఆయన తల కొంచెం పక్కకి వంచి విన్నారు. చాలాసేపు విన్నారు.

"కుడుములు నడుస్తాయా అల్లుడుగారూ?"

"ఆవిరండీ! ఆవిరికి చాలా బలం. అంత పెద్ద రైలుబండిని లాగేది అదే కదండీ!"

"రైలుకి చక్రాలుంటాయి. దీనికి గోళ్ళున్నట్టున్నాయి."

నిజం చెప్పొద్దూ, ఆ చప్పుడేమిటో నాకూ తెలీదు. కుడుములు ఇలాగే చప్పుడు చేస్తాయేమో? మా అమ్మ చేసినప్పుడు చేసేవా? గుర్తు లేదు. మా అమ్మ కుడుములు నేను తిన్నానే గాని ఏనాడూ విన్లేదు. అప్పుడు గుర్తొచ్చింది, "ఒకటి తగ్గినట్టుందే!"

ఛ, వాసెన కట్టి ఉండగా పీత లోపలికి ఎలా వెళ్తుంది? వెళ్ళదు. మరి వాసెన కట్టకముందే వెళ్ళి ఉంటే? నేను పెట్టెలో గుడ్డ వెతుక్కుంటున్నప్పుడు గిన్నె మూతి తెరిచే ఉంది. బుట్ట పక్కనే ఉంది. పీతకి పాకడం వచ్చు. నేను రోజూ పిల్లలకి చెప్పే తర్కమే, ఒక్క మెట్టు కూడా తప్పలేదు. లెంటు రోజుల్లో, రిటైరైన బోధకుడి ఎదురుగా, నా కుడుముల కింద పీత ఉడుకుతోంది! అదీ బతికుండగా!

మూత తీసి చూద్దామా? పీత ఉంటే ఆయన ముందే బయటపడుతుంది. లేకపోతే కుడుములు రాళ్ళవుతాయి, ఆయనకి పళ్ళు లేవు. తియ్యకపోతే ఆయన అనుమానం అలాగే ఉంటుంది. ఎటు చూసినా నా కూతురి కళ్ళు మూసుకునే ఉన్నాయి!

"మూత తీసి చూడరాదూ?" అన్నారాయన, నా మనసులో మాట విన్నట్టు.

"తియ్యకూడదండీ. తీస్తే పాడైపోతాయి. ఓపిక పట్టాలి. దీనికో కథుందండీ. ఒక ఊళ్ళో ఒకాయన కోడిని పొదగేశాడట. పిల్లలయ్యాయో లేదో అని పూటపూటా కోడిని లేపి గుడ్లు చూసేవాడట. కోడికి విసుగొచ్చి..."

టకటకటకటక! గిన్నె లోపల కథ కన్నా జోరుగా ఉంది. నేను గొంతు పెంచాను. అదీ పెంచింది.

ఆయన చెయ్యెత్తారు. "కోడి సంగతి తర్వాత చెప్పుకుందాం. మీరు ఈ ఊరొచ్చి ఎన్నాళ్ళయింది? చుట్టూ అందరూ పీతలూ చేపలూ తినేవాళ్ళే. అలవాటు పడ్డం తప్పు కాదు. పండగయ్యాక నేనూ తింటాను, ఆశగానే తింటాను. ఈ నలభై రోజులూ ఆగలేకపోయారా?"

"అయ్యో, లేదండీ! నేను ముట్టలేదండీ!"

"నేను మిమ్మల్ని అడగలేదు. గిన్నెని అడుగుతున్నాను. అది చెప్తూనే ఉంది."

ఇద్దరం ఆ గిన్నెనే చూస్తూ కూర్చున్నాం. కొంతసేపటికి చప్పుడు నెమ్మదించింది. టక... టక. తర్వాత చాలాసేపటికి ఒక్క టక్. ఆ తర్వాత ఏమీ లేదు.

పెద్దమావగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పాపం, పోయింది," అన్నారు.

నాకు మాత్రం ప్రాణం లేచొచ్చినట్టయింది. నిశ్శబ్దం! నాకు తెలిసిన, నేను నమ్మిన నిశ్శబ్దం! చప్పుడు ఆగిందంటే అంతా సర్దుకున్నట్టేనని నా ఉద్యోగం నాకు నేర్పింది. హాయిగా గోడకి చేరగిలబడి, "చూశారాండీ, ఓపిక పడితే అదే కుదుటపడుతుంది. నా క్లాసు కూడా ఇలాగే ఉంటుందండీ," అని బడి సంగతులు ఎత్తుకున్నాను. పొయ్యిలో ఇంకో రెండు సరుగుడు పుల్లలు కూడా తోశాను. బాగా ఉడకాలి కదా!

పిల్లల సంగతులు చెప్పి, కోడి కథ పూర్తి చేసి, నీతి దగ్గరికి వచ్చేసరికి ఆయన ముక్కు ఎగబీల్చారు.

"ఇప్పుడు కాల్చుకుంటున్నారన్నమాట."

నాకూ వాసనొచ్చింది. అచ్చం సముద్రం ఒడ్డున ఏదో కాలుస్తున్న వాసన! రవ్వ మాడిన వాసన కాదు, ఉప్పు ఉప్పుగా, నీచుగా, నిప్పుల మీద పీత డిప్ప పడ్డట్టు. ఇక అనుమానం ఏం మిగిలిందండీ? నేనే నమ్మేశాను. మూత చుట్టూ తెల్లటి ఆవిరి పోయి నల్లటి పొగ వస్తోంది. లోపల ఫట్‌మని ఏదో పేలింది. వాసెన గుడ్డ అంచు ఎర్రగా రాజుకుంది!

"అల్లుడుగారూ, నిప్పు!"

మసిగుడ్డ కనపడలేదు. చేతికి దొరికింది పట్టుకుని మూత లాగాను. దొరికింది ఆయన కండువా అని తర్వాత తెలిసింది. మూత తియ్యగానే గుడ్డ మధ్యకి తెగి, ఒక్కటి తప్ప కుడుములన్నీ దబదబ లోపల పడ్డాయి. పొగ! దగ్గు! చెంబెడు నీళ్ళు తెచ్చి గుమ్మరించాను. గిన్నె బుస్‌మంది. పొగ కాస్త తగ్గాక ఇద్దరం తలలు ఆనించి లోపలికి చూశాం.

నల్లటి కుడుముల మధ్య, వంపు తిరిగి, రెండుగా పగిలి, కాలిపోయిన డిప్ప!

ఆయన నెమ్మదిగా తల ఎత్తి నా మొహంలోకి చూశారు. ప్రశ్న కూడా అడగలేదు. జవాబు కోసం చూస్తున్నారు.

నేను రెండు చేతులూ జోడించాను. "మావయ్యగారూ, ఇది లోపలికి ఎలా వెళ్ళిందో నాకు తెలీదండీ. నేను చంపలేదండీ. అదే పడిందండీ. కరుణకి మాత్రం..."

"మాస్టారూ! ఇల్లు తగలబెడుతున్నారా ఏంటి?" అని వీధిలోంచే అరుచుకుంటూ నాంచారమ్మ పిన్ని వచ్చి పడింది. గిన్నెలోకి చూసి గుండెలు బాదుకుంది. "నీళ్ళు పొయ్యలేదేం?"

"నువ్వే కదా మూత తియ్యొద్దన్నావు!"

"ఊరికే తియ్యొద్దన్నాను! చప్పుడు ఆగితే నీళ్ళు పొయ్యాలి కదా!"

"ఏం చప్పుడు?"

"చిప్ప చప్పుడు! ఆల్చిప్ప వేశాను కదా అడుగున!"

పెద్దమావగారూ నేనూ ఒకర్నొకరు చూసుకున్నాం.

అప్పుడు చెప్పిందండీ. వాసెన కట్టాక లోపల నీళ్ళున్నాయో లేవో కంటికి కనపడదు. అందుకని ముందే అడుగున ఒక ఆల్చిప్ప వేస్తారట. నీళ్ళు మరుగుతున్నంతసేపూ చిప్ప ఎగిరెగిరి పడుతూ టకటకలాడుతుంది. నీళ్ళు ఇంకిపోతే కదలదు. దొడ్డి గుమ్మం దగ్గర పడున్న చిప్పని తీసి, నేను గదిలో గుడ్డ వెతుక్కుంటున్నప్పుడు గిన్నెలో పడేసింది. చిప్ప లోపలివైపు కాస్త ఎండిన కండ అంటుకుని ఉంటే పట్టించుకోలేదట.

"అది వాగుతున్నంతసేపూ భయం లేదు మాస్టారూ! నోరు మూసుకుంటేనే కొంప మునుగుతుంది!"

"మరి నాకు చెప్పలేదేం పిన్నీ?"

"చెప్పలేదా?" అని ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. "చెప్పాననుకున్నాను. అయినా అది చెప్పాలా? కుడుములు వండే ఇంట్లో పుట్టలేదా మీరు?"

"పీత అనుకున్నామమ్మా," అన్నారు పెద్దమావగారు చిన్న గొంతుతో.

"పీతా! కుడుముల్లోనా! ఎవరికైనా పిచ్చా?" అని ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఊరి చివర దాకా వెళ్ళింది. ఆ నవ్వుతోపాటే నా కథా వెళ్ళింది.

పెద్దమావగారు కూడా నవ్వారు. పళ్ళులేని నవ్వు, చంటిపిల్లాడి నవ్వులా ఉంది. పై అంచున కాలకుండా ఒక కుడుము మిగిలింది. దాన్ని కళ్ళు మూసుకుని, ప్రార్థన చేసుకుని, నిదానంగా తిన్నారు. "ఉప్పు వెయ్యలేదు," అన్నారు.

చూసి వెయ్యమంది కదండీ. చూశాను. వెయ్యడం మర్చిపోయాను.

ఇక అంతా అయిపోయింది, కరుణ రాదు, అనుకుని తల వంచుకుని నిలబడ్డాను. ఆయన మాడిన కండువా మడిచి భుజాన వేసుకుంటూ, "సోమవారం బస్సుకి తల్లినీ పిల్లనీ తీసుకొచ్చి దింపుతాను," అన్నారు.

నేను సరిగ్గా విన్నానో లేదో తెలీలేదు. "ఈ వంట చూశాకానా అండీ?"

"ఈ వంట చూశాకే! మా మరదలు, అదే మీ అత్తగారు, ఏమని పంపిందనుకున్నారు? 'అల్లుడు శుభ్రంగా వండుకు తింటుంటే ఇక తొందరేముంది, వానలు పడేదాకా పిల్లని ఉంచుకుందాం' అంది. మీ కుడుములు కుదిరి ఉంటే అదే చెప్పేవాణ్ణి."

అర్థమైందా అండీ? నాకు అర్థం కావడానికి మాత్రం కాసేపు పట్టింది. పొద్దుటినుంచీ నేను పడ్డ పాట్లన్నీ నా పెళ్ళాం పిల్లల్ని రాకుండా ఆపడానికే పడ్డానన్నమాట! ఆ చిప్ప నోరు మూసుకోగానే నేను గనక తెలివిగా నీళ్ళు పోసి ఉంటే...

ఆయన వెళ్తూ వాకిట్లో ఎండ చూసి గొడుగు విప్పారు. టప్‌మని ఏదో నెత్తి మీద పడి, భుజం మీద జారి, నేల మీద నిలబడి, రెండు డెక్కలూ పైకెత్తింది. పచ్చపచ్చగా, దిట్టంగా, నిక్షేపంలాంటి పీత!

"అదిగో!" అని నాంచారమ్మ పిన్ని చప్పట్లు కొట్టింది. "ఒకటి తగ్గిందన్నానా లేదా!"

పెద్దమావగారు దాన్ని చూసి, నన్ను చూసి, "అల్లుడుగారూ, ఇది మాత్రం ఉడకలేదు," అని గొడుగు పట్టుకుని బస్సుకి వెళ్ళిపోయారు.

సోమవారం కరుణ వచ్చింది. పిల్ల కళ్ళు తెరుచుకునే ఉంది. గుండ్రంగా, నల్లగా, కాటుక పెట్టక్కర్లేకుండా ఉన్నాయి. నన్ను ఎగాదిగా చూసి, ఈయనెవరన్నట్టు కరుణ వైపు చూసింది. అది ఏడ్చినా నాకిప్పుడు భయం లేదు, చప్పుడుంటే క్షేమమే. క్లాసులో మాత్రం పిల్లలు ఉన్నట్టుండి నిశ్శబ్దమైపోతే నాకు కాలు నిలవడం లేదు. పరిగెత్తుకెళ్ళి ఎవరేం చేస్తున్నారో చూస్తున్నాను.

ఇక్కడితో ఆగితే బావుండేది. పోయిన పరువు నిలబెట్టుకుందామని ఈస్టరు నాడు చర్చి నుంచి రాగానే, "ఇవాళ కుడుములు నేను పెడతాను, నువ్వు పొయ్యి దగ్గరికి రావద్దు," అన్నాను కరుణతో. శుభ్రంగా కడిగిన చిప్పని నా చేత్తో నేనే వేశాను. వాసెన బిగించి కట్టాను. మూత పెట్టి, పక్కనే పీట వేసుకుని, చెవి గిన్నెకి ఆనించినంత పని చేశాను. టకటకటక! ఆహా! కాస్త నెమ్మదించిందో లేదో, మూత తియ్యకుండానే వాసెన ఓ పక్క వదులు చేసి సందులోంచి నీళ్ళు పోశాను. మళ్ళీ టకటక! చుట్టుపక్కలవాళ్ళు వచ్చి చూశారు. నాంచారమ్మ పిన్ని ముక్కున వేలేసుకుంది. ఈసారి మాడలేదు, పొగ లేదు, ఒక్క తప్పు లేదు.

బాగా ఉడికి ఉంటాయని అందరి ముందూ మూత తీశాను.

గుడ్డ మీద ఏమీ లేదు. చేసిన కుడుములన్నీ నా వెనకాల పళ్ళెంలో, పెట్టినవి పెట్టినట్టే పచ్చిగా ఉన్నాయి.

కరుణ పిల్లని చంకనేసుకుని వచ్చి, గుడ్డ ఒక మూల ఎత్తి గిన్నెలోకి తొంగి చూసింది.

"చిప్ప మాత్రం బాగా ఉడికిందండీ," అంది. "వడ్డించమంటారా?"